మా అత్త హస్తవాసి

మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, పుట్టింటికి తిరిగొచ్చిన ఏడాదే మా ఇంట్లో పట్టుపురుగుల పెంపకం మొదలైంది. తొంభైల తొలి రోజులు. పుంగనూరు నుంచి నడిచి పోగలిగినంత దూరంలో ఉంటుంది మా పల్లె. అత్తను కుప్పం దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. మామ బెంగళూరుకు పనికి పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పిల్లాజెల్లా లేని మనిషి, నాలుగేళ్లు ఎదురు చూసి, చివరికి ఒక రేకుపెట్టెతో పుంగనూరు బస్టాండులో దిగింది. నాయన ఆ పెట్టెను సైకిలుకు కట్టి, పక్కన ఆమెను నడిపించుకొని ఇంటికి తెచ్చాడు. నాకప్పుడు పదకొండేళ్లు.

ఇంటి వెనకాల మట్టిగోడలు పెట్టి, పైన రేకులు కప్పి నాయన పురుగులిల్లు కట్టాడు. గుడ్లు పగిలి నువ్వుగింజంత పురుగులు బయటికొచ్చినప్పుడు వాటికి మల్బరీ ఆకు సన్నగా తరిగి వెయ్యాలి. అమ్మ తరిగితే ముక్కలు పెద్దవయ్యేవి. అత్త తరిగితే కొత్తిమీర తరిగినట్టు ఉండేది. గూడు కట్టేలోగా పురుగులు నాలుగుసార్లు ఆకు మాని, తల పైకెత్తి కదలకుండా పడి ఉంటాయి. దాన్ని మా వైపు జ్వరం అంటారు. జ్వరం వదిలి లేచాకే మళ్లీ ఆకు వెయ్యాలి. ఎప్పుడు లేస్తాయో అత్త పురుగులున్న వెదురు తట్ట మీదికి వంగి చూసి చెప్పేది. "ఇంగా లేయలేదు, మధ్యాన్నానికి లేస్తాయి సూడు" అనేది. మధ్యాహ్నానికి లేచేవి.

మొదటి పంట గూళ్లను మదనపల్లె మార్కెట్టుకు తీసుకుపోతే, అక్కడ కొనే ఆయన ఒక గూటిని చెవి దగ్గర ఆడించి చూసి, "ఎవురప్పా వీటిని సాకింది?" అని అడిగాడట. నాయన ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా ఆ సంగతి చెప్పాడు. "మా చెల్లెలు అని చెప్పినా" అన్నాడు సంబరంగా. అమ్మ అప్పుడు తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉంది. తట్టల కింద చెత్త ఎత్తి పోసిందీ, తట్టలు కడిగి ఎండబెట్టిందీ, ఆకు మోపులు తల మీద మోసిందీ అమ్మ. కడిగిన చేతులనే మళ్లీ మళ్లీ కడుక్కుంటూ నిలబడింది. నేను చూశాను. ఆ వయసులో అలాంటివి అర్థం కావు, గుర్తుండిపోతాయి అంతే.

రెండో పంట బాగా వచ్చింది. మూడోదీ బాగా వచ్చింది. హస్తవాసి అన్న మాట మొదట ఎవరి నోట వచ్చిందో తెలియదు. ఊళ్లో ఎవరు గుడ్లు తెచ్చుకున్నా అత్తను పిలుచుకుపోయి మొదటి ఆకు ఆమె చేత వేయించుకోవడం మొదలుపెట్టారు. టమోటా నారు పోస్తే పిలిచేవాళ్లు. ఆవు ఈనితే, మొదటి పాలు పిండమని పిలిచేవాళ్లు. అత్త తొలిరోజుల్లో "నా చేతిలో ఏముండాదమ్మా" అని నవ్వేది. కొన్నాళ్లకు ఆ మాట అనడం మానేసింది. ఎవరైనా పిలవడం ఆలస్యం, కాళ్లూ చేతులూ కడుక్కొని, బొట్టు సరిచేసుకొని బయలుదేరేది. మొగుడు వద్దనుకున్న మనిషి. ఇప్పుడు ఊరంతా ఆమె చెయ్యి కావాలంటోంది. ఆమె నమ్మింది. నేనూ నమ్మాను. పరీక్ష రోజు పెన్ను అత్త చేతికిచ్చి మళ్లీ తీసుకొని పోయేదాన్ని.

ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, ఆమెకు మొదట కీడు చేసింది ఆ మంచిపేరే అనిపిస్తుంది. చేతిలో మంచి ఉందంటే ఒప్పుకున్న మనిషి, రేపు అదే చేతిలో చెడు ఉందంటే ఏమని కాదనగలదు?

అది ఎన్నో పంటో సరిగా గుర్తులేదు, ఐదో ఆరో. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి ఆబగా ఆకు తినే రోజులు. ఎంత వేసినా చాలేది కాదు. అమ్మ తన అన్న కూతురికి చెవులు కుట్టిస్తున్నారని మదనపల్లెకు పోయింది. అమ్మ లేని ఆ రెండు రోజుల్లోనే పక్క వీధిలో ఒక పెద్దాయన చనిపోయాడు. అత్త పోయి చూసి వచ్చి, తలకు పోసుకొని, చీర తడిపి ఆరేసి, ఆ తర్వాతే పురుగులింట్లోకి అడుగుపెట్టింది.

ఆ పొద్దు ఆకు తక్కువ పడింది. టమోటా మడిని ఆనుకొని ఉన్న మల్బరీ సాళ్లను మేము మామూలుగా కోసేవాళ్లం కాదు. "రా పాపా, ఆ పక్క సాళ్లల్లో కోసుకొస్తాము" అన్నాడు నాయన. ముందురోజు సాయంత్రం ఆయన టమోటాకు మందు కొట్టాడు. కాయలో పురుగు పడింది, ఆగితే కాయ అంతా పోతుందని తొందరపడ్డాడు. ఇద్దరం కలిసి రెండు మోపులు కోశాం. నా తల మీద మోపులోంచి ఏదో ఘాటు వాసన వచ్చింది. తోటలో ఆ వాసన ఉండేదే కదా అనుకొని నడిచాను. ఆ ఆకును అత్త తన చేతులతో తట్టలన్నిటికీ సమంగా పరిచింది.

మరుసటి రోజు అమ్మ బస్సు దిగి వచ్చేసరికి పురుగులు తలలు పైకెత్తి మెలికలు తిరుగుతున్నాయి. నోట్లోంచి పచ్చని నీళ్లు కక్కుతున్నాయి. వేలంత లావున్న పురుగులు మా కళ్ల ముందే ముడుచుకుపోతున్నాయి. అమ్మ చేతిలోని సంచి కింద పెట్టలేదు. అలాగే పట్టుకొని ఒక తట్ట నుంచి ఇంకో తట్టకు తిరిగింది. తర్వాత అత్త వైపు చూసింది.

"నేను లేనప్పుడు యాడికన్నా పోయింటివా?"

"పక్క వీధి పెద్దాయన సచ్చిపోతే సూసొచ్చినా వదినా. తలకు పోసుకొనే లోపలికొచ్చినా."

"తలకు పోసుకుంటే సరిపోతాదా? సావింట్లో కూసోనొచ్చి ఆ చేత్తోనే ఆకేస్తివి కదా! బిడ్డల్ని సాకినట్టు సాకితిమి. అన్నిట్నీ సంపేస్తివే!"

అత్త తలుపు దగ్గర నిలబడిన నాయన వైపు తిరిగింది. "అన్నా, నువ్వన్నా చెప్పన్నా" అంది.

నాయన తట్టల వైపు చూశాడు. నా వైపు కూడా ఒకసారి చూశాడు. "ఏం చెప్పేదుండాది, పోయినాయి కదా" అని బయటికి వెళ్లిపోయాడు.

చచ్చిన పురుగులను గంపలకెత్తి, తోట చివర గుంత తవ్వి పూడ్చింది అత్తే. ఎవరూ చెయ్యమని అనలేదు, ఎవరూ సాయం పోలేదు. నేను కూడా.

మళ్లీ పంట పెట్టినప్పుడు అమ్మ గడప దగ్గర నిలబడి, కోపం ఏమీ లేని గొంతుతోనే, "నువ్వు బయటుండమ్మా, నేను సూసుకుంటా" అంది. ఆ పంట పండింది. అప్పటికి టమోటా అయిపోయింది, మందు కొట్టే పని లేదు. ఆ సంగతి ఎవరికీ తోచలేదు. మదనపల్లె నుంచి వచ్చిన నాయన ఈసారి "బాగుండాయన్నారు" అని అమ్మతో చెప్పాడు. అమ్మ ముఖం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ సంతోషం అబద్ధం కాదు. దాని పక్కనే, అత్త చెయ్యి మంచిది కాదన్న మాట కూడా నిజమై కూర్చుంది.

ఊరు పిలవడం మానేసింది. అత్త మొదట్లో కనిపించిన వాళ్లందరికీ "స్నానం చేసే పోతినమ్మా" అని చెప్పుకునేది. కొన్నాళ్లకు చెప్పుకోవడం తగ్గింది. ఒకరోజు పెరట్లో బీరగింజలు పెడదాం రమ్మని నేను పిలిచాను. "నువ్వే పెట్టు పాపా. నేను పెడితే మొలవవు" అంది. గొంతులో ఏడుపు లేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది. రెండు నెలలకు తన పెట్టె సర్దుకొని కుప్పం వెళ్లిపోయింది. అక్కడ ఆమెకు దూరపు చుట్టం ఒక ముసలామె ఉండేది. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.

నేను మదనపల్లెలో డిగ్రీ చదివి, పట్టుపురుగుల రైతులకు సలహాలిచ్చే చిన్న ఉద్యోగంలో చేరాను. పెళ్లయింది. ఉద్యోగం కుప్పానికి మారింది. అప్పటికి ముసలామె పోయి, రైల్వే స్టేషన్ దగ్గరి సందులో ఉన్న ఆ ఇంట్లో అత్త ఒక్కతే ఉంటోంది. అగరబత్తీలు చుట్టి బతుకుతోంది. ముందు పీట పెట్టుకొని, నల్లటి ముద్దను చిటికెడు తీసి పుల్లకు అద్ది అరచేత్తో ఒక్కసారి దొర్లిస్తే బత్తి అయిపోయేది. చేతులు మణికట్టు దాకా నల్లగా ఉండేవి.

"వేరే పనేమీ దొరకలేదా అత్తా? ఆస్పత్రిలో ఆయాలు కావాలంటాండారు కదా" అన్నాను ఒకసారి.

"వద్దమ్మా. ఈటికైతే పానం లేదు. నా చెయ్యి ఎట్లుండినా ఏమీ గాదు" అంది, పని ఆపకుండానే.

నాకు కూతురు పుట్టినప్పుడు చూడటానికి వచ్చింది. మంచానికి రెండు బారల దూరంలో కూర్చుంది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. "దగ్గిరికి రా అత్తా, ఎత్తుకో" అన్నాను. "ఈణ్నుంచే బాగా కనపడతాండాది" అంది. ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆమె ఎత్తుకోనన్నప్పుడు నా గుండెలో ఏ మూలో ఒక చిన్న ఊరట కలిగింది. అప్పటికి పురుగులకు ఏ జబ్బు ఎందుకొస్తుందో చదివి, పరీక్ష రాసి, రైతులకు చెబుతున్న మనిషిని. అయినా కలిగింది. పుస్తకంలో చదివిన పాఠం పుస్తకంలోనే ఉండిపోయింది. పదకొండేళ్లప్పుడు మా ఇంట్లో నేర్చుకున్నది ఒంట్లో ఉండిపోయింది.

మరుసటి ఏడాది కుప్పం దగ్గర ఒక పల్లె నుంచి కబురొచ్చింది, పురుగులు చచ్చిపోతున్నాయని. మా పెద్ద సారుతో పాటు పోయాను. తలుపు తీసి తట్టల దగ్గరికి పోయాను. తలలెత్తి మెలికలు తిరగడం, పచ్చనీళ్లు, ముడుచుకుపోవడం, అన్నీ అవే. ఆ ఇంటామె కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది. సారు ఒక్క పురుగును అరచేతిలోకి తీసుకొని చూసి, "మీ మల్బరీ పక్కన ఏం పంట ఉండాదప్పా?" అని రైతును అడిగాడు.

"టమోటా, సార్."

"మందెప్పుడు కొట్టినారు?"

"మొన్న సాయంత్రం."

"గాలికి ఆకు మీద పడింటాది. ఆ సాళ్ల ఆకు కొన్నాళ్లు వెయ్యకూడదప్పా" అన్నాడు ఆయన. ఆ ఒక్క మాటతో అయిపోయింది. నేను బయటికొచ్చి గోడకు ఆనుకున్నాను. నా తల మీది మోపు వాసన పదమూడేళ్ల తర్వాత మళ్లీ ముక్కుకు తగిలింది.

ఆ వారమే మదనపల్లె టమోటా యార్డుకు నాయన కాయ తెచ్చాడని తెలిసి, అక్కడికే పోయాను. యార్డు బయట టీ అంగడి బల్ల మీద కూర్చోబెట్టి, నేను చూసింది చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆయన టీగ్లాసును రెండు చేతులతో పట్టుకొని నేలకేసి చూస్తూ ఉన్నాడు.

"నాకు ఆ పొద్దే అనుమానమొచ్చింది పాపా" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"చెప్దామని నోరు తెరిస్తి. మీ యమ్మ అప్పుటికే మీ యత్తను అరస్తాండాది. నేను కొట్టిన మందుకే పోయినాయంటే నా మొగం యాడ పెట్టుకునేది? ఈ పూటకు గమ్మునుండి, రేపు నిదానంగా చెప్దామనుకుంటి. రేపు కూడా అట్లే అనుకుంటి. పొద్దులు పోయే కొద్దీ ఇంగ చెప్పేదానికి నోరు రాలే. తరవాత..." ఆగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. "తరవాత నాకే నమ్మకం కుదిరిపోయింది, ఆ యమ్మి చెయ్యే కారణమని. నువ్విప్పుడు చెప్పేదాకా మందు సంగతి నా మనసులో కూడా లేదు. ఒట్టు."

నేను కోప్పడాలనుకున్నాను. కోపం రాలేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. మొదటి రోజు భయంతో దాచాడు. ఆ తర్వాత దాచడం అలవాటైంది. అలవాటయ్యాక, దాచింది ఆయనకే కనబడకుండా పోయింది.

అమ్మకు చెప్పింది నేనే. పొయ్యి ముందు కూర్చొని విని, "నీ సదువు నీకాడ పెట్టుకో. నేను కండ్లారా సూసినా" అంది. అంతే, లేచి పోయింది.

నాయనను నేనే కుప్పం తీసుకుపోయాను. అత్త పొంగిపోయింది. స్టూలు తుడిచి వేసి, కాఫీ పెట్టి తెచ్చి, మళ్లీ పీట ముందు కూర్చుంది. నాయన కాఫీ ముట్టకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. సగంలోనే అత్త నవ్వింది.

"పాప మాటలిని నువ్వు కూడా మొదులుపెడితివా అన్నా?"

"కాదమ్మీ. మందు కొట్టింది నేను. ఆకు కోయించింది నేను. నాకు ఆ పొద్దే అనుమానం."

అత్త చేతిలోని పుల్ల ఆగింది. "ఆ పొద్దే తెలుసునా నీకు?"

నాయన తల ఊపాడు.

"తెలిసీ, వదిన నన్ను అన్ని మాటలంటాంటే గమ్మునుంటివా?"

అత్త ఆయన ముఖంలోకి చూసింది. నా చిన్నప్పుడు తట్ట మీదికి వంగి, పురుగులు లేచాయా లేదా అని చూసేదే, అంత శ్రద్ధగా చూసింది. తర్వాత తల దించి, పుల్లకు ముద్ద అద్ది, అరచేత్తో దొర్లించింది.

"పో అన్నా. నువ్వట్లాటోడివి కావు. నిన్ను నాకు తెలీదా? నా మనసు కుదుటపడాలని అంతా నీ మీదేసుకుంటాండావు."

"నిజ్జంగా చెప్తాండానమ్మీ..."

"సాలు. కాఫీ సల్లారిపోతాది, తాగు."

తిరిగి వస్తుంటే, ఆమె మూఢనమ్మకం ఇంక పోదని నాకు విసుగొచ్చింది. చాలా రోజుల తర్వాత గానీ ఆమె చేసిందేమిటో నాకు తెలియలేదు. అన్న మాట నమ్మితే ఆమె చెయ్యి మంచిదవుతుంది, అన్న చెడ్డవాడవుతాడు. నమ్మకపోతే చెయ్యి చెడ్డదిగానే ఉంటుంది, బస్టాండులో దిగిన రోజు తన పెట్టెను సైకిలుకు కట్టుకొని నడిచిన అన్న మిగులుతాడు. ఆమె అన్నను ఉంచుకుంది.

ఆ తర్వాత నాయన వారానికొకసారి కుప్పం పోవడం అలవాటు చేసుకున్నాడు. పలమనేరులో బస్సు మారి పోవాలి. కాసిని చింతకాయలో, ఒక సొరకాయో సంచిలో పెట్టుకొని పోయేవాడు. ఆ సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. "వయసు మీద పడినాక మా యన్నకు నా మీద ప్రేమ ఎక్కవైపోయిందమ్మా" అని అత్త చుట్టుపక్కల ఆడవాళ్లకు మురిపెంగా చెప్పుకునేది. నాయన ఆ మాట వింటూనే సంచిలోంచి తెచ్చినవి తీసి పెట్టేవాడు. నా కూతురు పరుగెత్తుకుంటూ పోయి ఒడిలో కూర్చోబోతే, అత్త రెండు చేతులూ పైకెత్తేసేది, మసి అంటుతుందని. మసి ఒక సాకు. పాపకు ఐదారేళ్లు వచ్చినా ఆమె ఒక్కసారైనా తల నిమరలేదు.

అలా ఐదేళ్లు నడిచింది. తర్వాత ఒక ఎండాకాలం అత్తకు కామెర్లు వచ్చాయి. ఎవరికీ చెప్పకుండా పసరు తాగుతూ కూర్చుంది. నాయన ఆ వారం పోయి చూసేసరికే కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. ఆస్పత్రిలో చేర్చాం. నాలుగు రోజులు ఉంది. చివరి రోజు నాయన ఆమె చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకొని, "తిన్న్యావా అన్నా?" అని అడిగింది. ఆ సాయంత్రమే పోయింది.

కబురు పోగానే అమ్మ వచ్చింది. అన్నేళ్లలో అమ్మ ఆ సందులోకి రావడం అదే మొదటిసారి. నేరుగా లోపలికి వచ్చి, చీర ఎగ్గట్టి, శవానికి తానే స్నానం చేయించింది. అత్త గోళ్ల సందుల్లో నలుపు గడ్డకట్టి ఉంది. అమ్మ కుంకుడు రసం పోసి రుద్దింది, పోలేదు. కొబ్బరిపీచు తెప్పించి ఒక్కొక్క వేలూ పట్టుకొని రుద్దింది. పక్కింటామె "ఇంగ సాలమ్మా, పొద్దు పోతాంది" అన్నా వదల్లేదు.

కార్యం అయ్యాక అమ్మ, నాయన, నేను మా పల్లెకు బస్సులో బయలుదేరాం. నాయన ముందు సీట్లో కూర్చున్నాడు. పలమనేరు దగ్గర పడుతుండగా అమ్మ కిటికీలోంచి చూస్తూనే నన్ను అడిగింది.

"ఆ పొద్దు పురుగులు మందుకేనా సచ్చింది?"

"అవునమ్మా" అన్నాను.

ముందు సీట్లో నాయన తల తిప్పలేదు. బస్సు ఆగింది. అమ్మ దిగి, కొళాయి దగ్గర ముఖం కడుక్కొని, కొంగుతో తుడుచుకుంటూ పుంగనూరు బస్సు ఎక్కడ నిలుస్తుందో ఎవరినో అడిగింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి అడగలేదు.